ఇప్ప చెట్టు: పువ్వు ఏరడం నుంచి మొక్క నాటడం దాకా

శివరాత్రి వెళ్లి ఎండ ముదిరేసరికి చేలల్లో పని అయిపోతుంది. అడవిలో చెట్లు ఆకు రాల్చి బోసిగా నిలబడతాయి. ఏ పంటా చేతికి రాని ఆ రోజుల్లో ఇప్ప పూస్తుంది. ఆదిలాబాద్, కుమ్రంభీం ఆసిఫాబాద్ జిల్లాల గోండు, కొలాం గూడేల్లో, భద్రాద్రి కొత్తగూడెం, ములుగు వైపు కోయ గూడేల్లో, పాడేరు, చింతూరు, సీతంపేట ఏజెన్సీల్లో జనం ఇంకా తెల్లారకముందే బుట్టలు పట్టుకుని బయల్దేరేది ఈ పువ్వు కోసమే. పక్కనున్న బస్తర్, గడ్చిరోలి, దక్షిణ ఒడిశాల్లోనూ ఇదే పని.

అంత కష్టపడి ఏరిన పువ్వు వేసవిలో చవగ్గా పోతుంది. అమ్మిన వాళ్లే వానాకాలంలో అవసరం పడి ఎక్కువ ధరకు కొనుక్కోవడం మధ్యభారతంలో చాలాచోట్ల ఉన్నదే. దీన్నుంచి బయటపడాలంటే రెండు పనులు సరిగ్గా రావాలి: మట్టి, బూడిద తగలకుండా ఏరడం, చెమ్మ లేకుండా ఎండబెట్టి దాచడం. అందుకే ఈ వ్యాసంలో ఆ రెండింటికీ ఎక్కువ చోటిచ్చాను. తర్వాత వంట, నూనె, నూనె తీశాక మిగిలే చెక్క, నారు సంగతులు వస్తాయి. చేనుగట్టున చెట్టుండీ పట్టించుకోని రైతుకూ, అంగడిలో అరకిలో పువ్వు కొని ఏం చేయాలో తెలియని పట్నం వాళ్లకూ ఇది పనికొస్తుంది.

ముందు చెట్టును ఖాయం చేసుకోండి

కొన్నిచోట్ల విప్ప అంటారు. శాస్త్రీయ నామం మధుకా లాంగిఫోలియా. మన అడవుల్లో ఎక్కువగా ఉండేది వెడల్పాకు రకం, లాటిఫోలియా. పాత పుస్తకాల్లో మధుకా ఇండికా, బాసియా లాటిఫోలియా అని రాసేది కూడా దీన్నే. తమిళనాడు వైపు వెళ్తే సన్నాకు రకం కనిపిస్తుంది. వాళ్లు ఇలుప్పై అంటారు, ఆ నూనెతో గుళ్లలో దీపాలు పెడతారు. సపోటా, పొగడ, పాల చెట్టు కూడా ఇప్ప కుటుంబానివే. ఏది తుంచినా పాలు కారతాయి.

ఎదిగిన ఇప్ప 15 నుంచి 20 మీటర్ల ఎత్తు ఉంటుంది. మాను పొట్టిగా, తల గుండ్రంగా, బాగా విస్తరించి ఉంటుంది. బెరడు ముదురు బూడిద రంగులో నిలువు పగుళ్లతో ఉండి, కత్తిమొనతో కాస్త గీకితే లోపల ఎర్రగా కనిపిస్తుంది. ఆకులు కొమ్మ పొడవునా కాకుండా చివర్లలో గుత్తులుగా ఉంటాయి. జానెడు పొడవున్న ఆకు, ముదిరితే తోలంత మందంగా తయారవుతుంది.

తాని చెట్టుకు కూడా ఆకు కొమ్మ చివరే గుత్తి కడుతుంది కాబట్టి దూరం నుంచి పొరపడతాం. కానీ తాని ఆకు తుంచితే పాలు రావు. నల్లజీడి దగ్గర మాత్రం జాగ్రత్త. దాని ఆకులూ అలాగే పెద్దవిగా, కొమ్మ చివరే ఉంటాయి, రసం చర్మానికి తగిలితే బొబ్బలెక్కుతుంది. అందుకే కొత్త చోట ఆకు తుంచే ముందు చెట్టు కింద నిరుటి గింజల కోసం వెతకండి. గోధుమ రంగులో నున్నగా మెరుస్తూ, ఒక పక్క పొడవునా పాలిపోయిన మచ్చ ఉంటే ఇప్ప. నల్లగా గుండె ఆకారంలో ఉంటే నల్లజీడి, చేయి పెట్టకండి.

మాఘ ఫాల్గుణాల్లో ఆకు రాలుతుంది. దాదాపు బోడి కొమ్మల మీదే, చివర తుప్పు రంగు నూగుతో మొగ్గలు గుత్తులుగా వేలాడతాయి. మార్చి, ఏప్రిల్ పూత కాలం. ఎత్తును బట్టి, ఎండను బట్టి కాస్త అటూఇటూ అవుతుంది. పూత సగం పడ్డాక రాగి రంగు చిగురు మొదలవుతుంది.

ఇప్పుడు రాలిన పువ్వొకటి అరచేతిలో వేసుకుని చూడండి. మీగడ రంగు, కండపట్టిన గోడ, లోపల డొల్ల, కొసన చిన్న రంధ్రం. చీల్చితే లోపలి గోడకు రెండు డజన్ల దాకా చిన్న కేసరాలు అంటుకుని ఉంటాయి. ఆ రంధ్రంలోంచి సన్నటి కీలం బయటికి పొడుచుకుని ఉండేది. అదీ, దాని కింద అండాశయమూ ఇప్పుడు మీ చేతిలో లేవు, కొమ్మ మీదే ఉండిపోయాయి. రాత్రిపూట గబ్బిలాలు వచ్చి వెళ్లాక చెట్టు వదిలేసేది ఈ తీపి తొడుగును మాత్రమే. కాయ కావాల్సింది పైనే భద్రంగా ఉంటుంది. అందుకే కింద పడిన పువ్వంతా ఏరినా గింజ దిగుబడి తగ్గదు. తొందరపడి కొమ్మలు దులిపితే, గడకర్రతో కొడితే మాత్రం రెండూ పోతాయి.

నేల సిద్ధం చేయడం: అగ్గిపెట్టె ఇంట్లో వదిలేయండి

పువ్వు పడే కాలానికి చెట్టు కింద మోకాలి లోతు ఎండాకు ఉంటుంది. లేత పసుపు పువ్వు ఆ ఆకుల్లో పడితే వెతకడం కష్టం. అందుకని ఆకుకు నిప్పు పెట్టడం చాలాచోట్ల అలవాటు. మార్చి, ఏప్రిల్లో అడవులు అంటుకోవడానికి ఇదొక పెద్ద కారణం. గాలి తిరిగితే చెట్టు కింద పెట్టిన మంట గుట్ట దాకా పోతుంది. అడవి సంగతి పక్కన పెట్టినా, సొంత లాభం చూసుకున్నా ఇది నష్టమే. బూడిద తడి పువ్వుకు అంటుకుంటే కడిగినా పోదు, రంగు మాడిపోయి ధర తగ్గుతుంది. మొదలు దగ్గర బెరడు కాలి చెట్టు నీరసిస్తుంది. ఎక్కడో ఒకటి మొలిచిన ఇప్ప మొలక కూడా ఆ మంటలోనే పోతుంది.

మొగ్గల గుత్తులు వేలాడటం మొదలైన వారంలో చెట్టు నీడ పడే మేర అంతా ఊడ్చండి. పొడవాటి కట్టె చీపురుతో మాను దగ్గర మొదలుపెట్టి బయటికి ఊడ్చుకుంటూ రావాలి. ఆకును గుంటలో వేసి కాస్త పేడనీళ్లు చల్లితే వానలయ్యేసరికి ఎరువు. రాళ్లు, ముళ్లకంప ఏరేయండి. తర్వాత నాలుగు రోజులకోసారి పైపైన ఊడ్చుకుంటే చాలు.

ఇంకా మంచి దారి వల. పాత షేడ్‌నెట్, చేపల వల, చీరలు కుట్టిన గుడ్డ, ఏదైనా సరే, చెట్టు చుట్టూ కర్రలు పాతి నడుము ఎత్తులో కట్టండి. మధ్యలో కాస్త జారుగా ఉంచితే పువ్వంతా ఒక చోటికి దొర్లుతుంది. నేల తగలదు, పశువులు తినవు, వంగి వంగి నడుము పోదు. ఛత్తీస్‌గఢ్‌లో ఇలా వల మీద పట్టిన పువ్వును ఆహారానికి పనికొచ్చే సరుకుగా వేరే అమ్ముతున్నారు. 2021లో అక్కడి ఎండు ఇప్పపువ్వు ఫ్రాన్స్‌కు కూడా వెళ్లింది. వల ఖర్చు ఒక్క చెట్టుకు గిట్టుబాటు కాకపోవచ్చు. నాలుగైదు చెట్లుంటే, వాటిలో బాగా పూసే రెండింటికి కట్టి చూడండి.

ఏరడం

చెట్టు ఎవరిదో ముందు కనుక్కోండి. అడవిలో ఉన్న చెట్టు అయినా చాలా గూడేల్లో ఫలానా ఇప్ప ఫలానా ఇంటివాళ్లదని తరాలుగా కట్టుబాటు ఉంటుంది. 2006 నాటి అటవీ హక్కుల చట్టం చిన్నతరహా అటవీ ఉత్పత్తుల మీద హక్కును అక్కడి ఆదివాసులకు, తరతరాలుగా అడవి మీద ఆధారపడ్డవాళ్లకు ఇచ్చింది. సరదాగా కారేసుకుని వెళ్లి సంచి నింపుకొచ్చే పని కాదిది. బయటివాళ్లు కొనుక్కోవడమే మర్యాద.

పువ్వు రాత్రి చివరి జాము నుంచి రాలుతూ, ఎండ ఎక్కేదాకా పడుతూనే ఉంటుంది. చెట్టు కింద నిలబడితే ఎండాకు మీద టపటపమని వినిపిస్తుంది. మబ్బు పట్టిన రోజు రాలడం తగ్గుతుంది, వాన పడితే ఆ రోజు పువ్వు మీద ఆశ వదులుకోవాల్సిందే. ఒక్కో చెట్టు రెండు మూడు వారాలు పూస్తుంది. అన్నీ ఒకేసారి మొదలుకావు కాబట్టి ఊరి మొత్తానికి నెల పైనే పని ఉంటుంది.

చీకటితో ఒంటరిగా వెళ్లకండి. ఎలుగుబంటికి ఈ పువ్వంటే ప్రాణం, వేళ కూడా మనం వెళ్లేదే. దుప్పులు, కొండముచ్చులు వస్తాయి, వాటితో భయం లేదు. ఎలుగు మాత్రం హఠాత్తుగా ఎదురుపడితే మీద పడుతుంది. నలుగురు కలిసి, గట్టిగా మాట్లాడుకుంటూ, టార్చి వేసుకుంటూ వెళ్లాలి. పిల్లల్ని వెలుతురు వచ్చాకే తీసుకెళ్లండి.

ఏరేటప్పుడు రెండు బుట్టలు పెట్టుకోండి. శుభ్రంగా, గట్టిగా ఉన్న పువ్వు ఒకదాంట్లో, నలిగినది, మట్టి అంటినది రెండోదాంట్లో. ఇంటికొచ్చాక వేరు చేద్దామంటే అప్పటికే ఒకదాని రసం ఒకదానికి అంటుకుంటుంది. ప్లాస్టిక్ సంచీ వద్దు. గాలి ఆడక పువ్వు వేడెక్కుతుంది. పొద్దున ఏరిన పువ్వును కుప్పగా వదిలేస్తే సాయంత్రానికి పులిసిన వాసన కొట్టడం మొదలవుతుంది. ఆ వాసన వచ్చిన పువ్వు ఇక తిండికి పనికిరాదు.

ఎండబెట్టడం

పచ్చి పువ్వులో ఎక్కువ భాగం నీరే. నాలుగైదు కిలోలు ఎండితే ఒక కిలో వస్తుంది.

ఇంటికి రాగానే పరిచేయాలి. వాకిట్లో మట్టి మీద, పేడ అలికిన కళ్లం మీద ఆరబోయడం పాత పద్ధతి. పువ్వు జిగట వల్ల నేల మీదున్నదంతా దానికే అంటుకుంటుంది. వెదురు తడకను నాలుగు రాళ్ల మీద ఎత్తి, దానిమీద పల్చటి గుడ్డ పరిచి ఆరబోస్తే కింది నుంచి కూడా గాలి తగులుతుంది. పువ్వు ఒక వరుసకు మించకుండా చూసుకోండి. పైన దోమతెర కప్పితే ఈగలు, కోళ్లు, దుమ్ము అన్నిటికీ ఒకే మందు.

మొదటి రోజు పువ్వు మెత్తబడి, వాడి, రంగు మారుతుంది. ఈ రోజే దాన్ని ఎక్కువ కదపకూడదు, కదిపితే చిట్లి రసం కారుతుంది. రెండో రోజు నుంచి పొద్దున, మధ్యాహ్నం తిరగేయండి. సాయంత్రం మంచు పడకముందే లోపల పెట్టాలి, అప్పుడు కూడా కుప్ప పోయకుండా తడకతో సహా. మంచి ఎండకు మూడు నుంచి ఐదు రోజులు పడుతుంది. మీగడ రంగు తుప్పు రంగై, చివరికి ముదురు గోధుమకు తిరిగి, కిస్మిస్‌లా ముడుచుకుంటుంది. పిడికెడు తీసుకుని గట్టిగా నొక్కి వదలండి. ముద్దగా అలాగే ఉంటే ఇంకో రోజు ఎండ కావాలి. విడివిడిగా రాలిపోతే చాలు.

తర్వాత కేసరాలు తీయాలి. అంగడిలో అమ్మే పువ్వులో ఇవి అలాగే ఉంటాయి. అవి నోటికి గరగరలాడి, కాస్త చేదు కూడా తగిలి, ఒకసారి తిన్నవాళ్లు మళ్లీ అడగకుండా చేస్తాయి. ఇప్పపువ్వు రుచి నచ్చలేదన్న వాళ్లలో సగం మందికి నచ్చనిది ఈ కేసరాలేనని నా అనుమానం. బాగా ఎండిన పువ్వును మిట్టమధ్యాహ్నం ఎండలో ఉండగానే గోనె మీద పోసి, కర్రతో మెల్లగా కొట్టి, చేటలో చెరిగితే కేసరాలు, పొట్టు ఎగిరిపోతాయి. తక్కువ పువ్వయితే రెండు అరచేతుల మధ్య నలిపినా సరిపోతుంది.

దాచడానికి మూత గట్టిగా పట్టే డబ్బా కావాలి. ఎండు పువ్వు గాలిలో చెమ్మను పీల్చుకుంటుంది. తొలకరి పడ్డాక గోనెసంచిలోని పువ్వు వారానికే మెత్తబడి, ఉండలు కట్టి, పురుగు పడుతుంది. టిన్ను డబ్బాగానీ, మందపాటి ప్లాస్టిక్ సంచి లోపల పెట్టిన గోనెగానీ మేలు. నేల మీద కాకుండా చెక్క మీద, గోడకు జానెడు దూరంలో పెట్టండి. శ్రావణంలో ఎండ కాసిన రోజు ఒకసారి తీసి ఆరబెడితే మళ్లీ పూత దాకా నిలుస్తుంది.

అమ్మేదానికి ఒక లెక్క గుర్తుంచుకోండి. కేంద్ర ప్రభుత్వం 2020లో ఎండు ఇప్పపువ్వు మద్దతు ధరను కిలో 17 రూపాయల నుంచి 30కి పెంచింది, ఇప్పగింజకు 29 చేసింది. 1956లో విశాఖపట్నం కేంద్రంగా మొదలైన గిరిజన సహకార సంస్థ, మనం జీసీసీ అనేది, ఇలాంటి సరుకును కొంటుంది. సంతకు తీసుకెళ్లే ముందు ఈ ఏడాది ధర అక్కడ కనుక్కోండి. కేసరాలు తీసి, వల మీద పట్టిన పువ్వును మామూలు పువ్వుతో కలిపి మాత్రం అమ్మకండి. ఆ కష్టానికి వేరే ధర అడగండి.

లడ్డూ, గటక, పాకం

ఉట్నూరులో ఆదివాసీ మహిళలు చేసే ఇప్పపువ్వు లడ్డూకు ఈమధ్య మంచి పేరొచ్చింది. ఇంట్లో చేసుకోవడం కష్టమేం కాదు. పావుకిలో ఎండు పువ్వుకు పావుకిలో పల్లీలు, 100 గ్రాముల నువ్వులు, 150 గ్రాముల బెల్లం, నాలుగు ఏలకులు తీసుకోండి.

పువ్వును నానబెట్టకూడదు, తీపంతా నీళ్లలోకి దిగిపోతుంది. రెండుసార్లు గబగబా కడిగి, వడకట్టి, గుడ్డ మీద రెండు గంటలు ఆరనివ్వండి. మూకుడులో చెంచా నెయ్యి వేసి సన్నసెగ మీద వేయించండి. మొదట మెత్తబడి మూకుడుకు అతుక్కుంటుంది. చక్కెర కరిగే ఘట్టం అది, గరిటె ఆపారా మాడుతుంది. తర్వాత మెల్లగా ఉబ్బి, పచ్చివాసన పోయి కమ్మటి వాసన వస్తుంది. అప్పుడు దించండి. వేడి మీద దంచితే జిగురు ముద్ద అవుతుంది. పూర్తిగా చల్లారాక కరకరలాడే పువ్వును దంచితేనే పొడి. పల్లీలు, నువ్వులు విడివిడిగా వేయించి బరకగా దంచుకోవాలి. చివర్లో బెల్లం కోరు, ఏలకుల పొడి వేసి అన్నీ కలిపి రోట్లో రెండు పోట్లు వేస్తే పల్లీ నూనెకే ముద్ద కడుతుంది. మిక్సీలో అయితే ఆపి ఆపి తిప్పండి. గాలి తగలని డబ్బాలో పెట్టి రెండు వారాల్లో తినేయండి.

రక్తం తక్కువగా ఉన్న హాస్టల్ పిల్లలకు ఈ లడ్డూలు పెడుతున్నారు కదా, మందుగా తినొచ్చా అని అడుగుతుంటారు. పల్లీ, నువ్వులు, బెల్లం, పువ్వు కలిసిన మంచి తిండి అని చెప్పగలనుగానీ, డాక్టరు రాసిన ఐరన్ మాత్ర మానేసి దీన్ని తినమని చెప్పను. ఎండు పువ్వులో సగానికి పైగా చక్కెరే, కాబట్టి షుగర్ ఉన్నవాళ్లు దూరంగా ఉండటం మంచిది.

అసలు ఇప్పపువ్వు పండగ పిండివంటగా కన్నా కరువు తిండిగానే ఎక్కువ బతికింది. జొన్న గటకలో గుప్పెడు పువ్వు వేసి ఉడికిస్తే బెల్లం అక్కర్లేదు. చింతగింజలు వేయించి, పొట్టు తీసి, నానబెట్టి, పువ్వుతో కలిపి ఉడికించుకోవడం ఆదివాసీ ఇళ్లలో పాత వంటకం. పాకం కావాలంటే కేసరాలు తీసిన పువ్వును మునిగేటన్ని నీళ్లలో అరగంట ఉడికించి, పలచటి గుడ్డలో పిండి, ఆ రసాన్ని గరిటె జారుడుగా వచ్చేదాకా మరిగించండి. దోసెలోకి, రొట్టెలోకి తేనె బదులు బాగుంటుంది.

ఇక సారా. ఇప్ప పేరెత్తితే బయటి జనానికి ముందు గుర్తొచ్చేది అదే. ఆదివాసీ పూజల్లో, పెళ్లిళ్లలో, చావుల్లో ఇప్పసారాకు చోటుంది. దాన్ని హేళన చేయడం తెలియనితనం. బ్రిటిష్ వాళ్లు 1892లో బొంబాయి ప్రెసిడెన్సీలో ఏకంగా పువ్వు ఏరడం మీదే ఆంక్షలు పెట్టే చట్టం తెచ్చారు, అబ్కారీ రాబడి పోతుందని. మధ్యప్రదేశ్ ఇప్పుడు దాన్నే వారసత్వ మద్యంగా అమ్ముకోనిస్తోంది. మన దగ్గర లైసెన్సు లేకుండా కాయడం నేరం కాబట్టి ఆ పద్ధతి ఇక్కడ రాయడం లేదు.

గింజ, నూనె

పువ్వయ్యాక కాయ పెరిగి జూన్, జూలైల్లో పండుతుంది. లేతగా ఆకుపచ్చగా ఉన్నప్పుడు కూర వండుతారు. పండితే గుజ్జు తియ్యగా ఉంటుంది, పిల్లలూ చిలకలూ పోటీ పడతారు. ఒక్కో కాయలో ఒకటి నుంచి నాలుగు గింజలు.

రాలిన పండ్లు ఏరి ఆ రోజే గుజ్జు పిసికి, గింజలు కడగండి. పెంకును రాయితో నెమ్మదిగా కొడితే లోపలి పలుకు రెండు బద్దలుగా విడిపోతుంది. ఇవే ఇప్పబద్దలు. గింజ బరువులో దాదాపు 70 శాతం పలుకే, ఆ పలుకులో సగం దాకా నూనె. తిప్పలంతా ఆరబెట్టడంలోనే ఉంది, ఎందుకంటే అప్పటికి వానలొచ్చేస్తాయి. తెరిపి ఇచ్చినప్పుడల్లా ఎండలో, మిగతా వేళ పొయ్యి పైన అటక మీద ఉంచి, బద్ద విరిస్తే టక్కున విరిగేదాకా ఆరబెట్టండి. బూజు పట్టి నల్లబడిన బద్ద ఒక్కటి కూడా కలవనివ్వొద్దు. దాని కంపు నూనె మొత్తానికి పడుతుంది.

పాత పద్ధతిలో బద్దలు దంచి, పిండికి ఆవిరి పట్టించి, బుట్టలో పోసి రెండు బరువైన దుంగల మధ్య నొక్కేవారు. ఇప్పుడు గానుగకో మిల్లుకో తీసుకెళ్తున్నారు. గానుగలో నూరు కిలోల పలుకుకు 20 నుంచి 30 కిలోలు, ఎక్స్‌పెల్లర్లో 35 దాకా నూనె దిగుతుంది. మిల్లు వాడు అంతకుముందు ఏం ఆడించాడో అడగండి. వేప ఆడించిన వెంటనే మీ బద్దలు పోస్తే వంటకు పనికిరాదు.

నూనె లేత పసుపు రంగులో ఉండి, చలి పడితే నెయ్యిలా పేరుకుంటుంది. కల్తీ అని భయపడక్కర్లేదు, దాని గుణమే అంత. వంటకు, దీపానికి, ఒంటికి రాసుకోవడానికి, సబ్బుకు వాడతారు. కీళ్లనొప్పులకు గోరువెచ్చగా మర్దనా చేస్తారు. వంటలో దీని వాసన అలవాటు లేనివాళ్లకు మొదట పడదు, నేనైతే వేపుళ్లకు వాడి, పప్పు తాలింపుకు వాడను.

నూనె తీశాక మిగిలే చెక్క మాత్రం తిండి కాదు. అందులో సపోనిన్లు అనే విషపదార్థాలు ఉంటాయి కాబట్టి అలాగే పశువుకు పెడితే ప్రమాదం. ఎరువుగా మంచిది, నేలలో పురుగుల్నీ అదుపులో ఉంచుతుంది. చేపల రైతులు దీన్ని వేరే పనికి వాడతారు. చేపపిల్ల వదిలే ముందు చెరువులోని పనికిరాని చేపల్ని చంపడానికి, హెక్టారు చెరువులో మీటరు లోతు నీటికి 2,500 కిలోల చొప్పున చల్లుతారు. సపోనిన్ మొప్పల ద్వారా ఎక్కి చేప రక్తాన్ని దెబ్బతీస్తుంది. విషం విరిగిపోవడానికి రెండు మూడు వారాలు పడుతుంది, ఆ తర్వాత అదే చెక్క చెరువుకు ఎరువు. కాబట్టి పొలంలో వేసేటప్పుడు ఆ నీరు ఊరి చెరువులోకి, వాగులోకి పోకుండా గట్టు చూసుకోండి.

పుల్లతో పళ్లు తోముతారు, బెరడు కషాయం పుక్కిలిస్తే చిగుళ్ల నుంచి రక్తం ఆగుతుందంటారు. పుక్కిలించేదాకా పర్వాలేదు, కషాయాలు తాగడం తెలిసిన వైద్యుణ్ని అడగకుండా వద్దు.

మొక్క పెంచడం

పెద్ద ఇప్ప చెట్లున్న చోట పిల్ల మొక్కల కోసం వెతికి చూడండి, చాలాచోట్ల ఒక్కటీ దొరకదు. పువ్వు మనం ఏరుతున్నాం, గింజ కూడా మనమే ఏరుతున్నాం. మిగిలిన గింజ మొలిస్తే మేకలు తింటాయి, మేకలు వదిలింది మంటకు పోతుంది. ఇవాళ కాసేవన్నీ తాతలు కాపాడిన చెట్లే. అందుకే ప్రతి చెట్టు కింద ఒక పక్క గింజ ఏరకుండా వదిలేసి, కొంత సొంతంగా నారు పోసుకోవాలి.

ఇప్పగింజ నిల్వ ఉండదు. ఎండితే మొలక శక్తి పోతుంది. నూనె గింజ ఎండబెట్టాలి, విత్తనం ఎండబెట్టకూడదు, ఈ రెండూ కలపకండి. బాగా పూసే, పెద్ద గింజ కాసే చెట్టును పూతకాలంలోనే గుర్తుపెట్టుకుని, దాని కింద పడిన పండ్ల గింజలనే తీసి, వారం పది రోజుల్లో నాటేయాలి. ఒక రాత్రి నీళ్లలో ఉంచండి, తేలినవి పారేయండి. ఎర్రమట్టి, ఇసుక, మాగిన ఎరువు సమంగా కలిపిన పొడవాటి పాలిథీన్ సంచుల్లో, గింజను అడ్డంగా పడుకోబెట్టి రెండు సెంటీమీటర్ల లోతులో పెట్టండి. రెండు వారాలకు మొలకలు వస్తాయి.

ఇప్పకు తల్లివేరు చాలా తొందరగా దిగుతుంది. నెలకోసారి సంచి కదిలించకపోతే అడుగు చీల్చుకుని నేలలోకి పోతుంది, నాటేటప్పుడు తెగుతుంది, తెగితే మొక్క కోలుకోవడం కష్టం. ఏడాది పెంచి, మరుసటి తొలకరికి రెండడుగుల గుంటలో, మట్టి గడ్డ చెదరకుండా నాటండి. చెట్టుకు చెట్టుకు 8 నుంచి 10 మీటర్లు. ఎర్ర నేల, రాతి నేల, గట్టు, ఏదైనా ఫర్వాలేదు. నీరు నిలిచే చోటు, వేరే చెట్టు నీడ మాత్రం పనికిరావు. మొదటి రెండు వేసవులు వారానికోసారి నీళ్లు పోసి, చుట్టూ ముళ్లకంప వేస్తే ఆ తర్వాత దాని బతుకు అదే చూసుకుంటుంది.

గింజ మొక్క పూయడానికి పదేళ్లు అటూఇటూ పడుతుంది. అంత ఓపిక లేకపోతే అంటు మొక్క ఉంది, నాలుగైదేళ్లకే పూత వస్తుంది. గుజరాత్‌లో గోధ్రా దగ్గరి వేజల్‌పూర్ ఉద్యాన పరిశోధన కేంద్రం థార్ మధు అనే రకాన్ని విడుదల చేసింది. చేనులో వరసగా వేసేవాళ్లకు అంటు మేలు. గట్టు మీద, గుట్ట వాలున అయితే లోతుగా వేరు దిగే గింజ మొక్కే నిలదొక్కుకుంటుంది.

పెద్దయ్యాక దీనికి ముఖ్యమైన శత్రువు బదనిక, అంటే కొమ్మ మీద మొలిచి చెట్టు రసం పీల్చే మొక్క. ఎండాకాలం ఆకు రాలిన కొమ్మల మీద ఒకచోట మాత్రం పచ్చగా గుబురు కనిపిస్తే అదే. గుబురును లాగేస్తే మళ్లీ చిగురిస్తుంది. అది అతుక్కున్న చోటికి మూరెడు కిందికి కొమ్మే కోసేయాలి, అదీ పూతకు ముందే, శీతాకాలంలో. చెట్టును మొత్తంగా కొట్టాలంటే మాత్రం అది మీ సొంత పొలంలోదైనా 2002 నాటి వాల్టా (నీరు, భూమి, చెట్ల) చట్టం కింద ముందు అనుమతి తీసుకోవాలి. మొక్కలు చిన్నగా ఉన్న ఆ పదేళ్లూ వరుసల మధ్య కంది, నువ్వు, ఉలవ వేసుకోవచ్చు. ట్రాక్టరుతో దున్నేటప్పుడు మొదలుకు రెండు గజాలు వదిలి దున్నండి.